ఎనభై ఆరు మంది మెచ్చిన చోటు

సీతమ్మ ముప్పై ఒక్క ఏళ్లు కాజీపేట జంక్షన్‌లో ఎంక్వైరీ కౌంటర్ వెనక కూర్చుంది. అన్నేళ్లలో "వస్తుందనుకుంటా" అన్న మాట ఆమె నోట ఒక్క ప్రయాణికుడూ వినలేదు. వస్తుంది, రాదు, కనుక్కుని చెప్తా ఆగండి. ఆమెకు తెలిసిన జవాబులు ఈ మూడే. అలాంటి మనిషి రిటైరై, గ్రీన్ కార్డు మీద అరోరాలో కూతురింటికి వచ్చినంత మాత్రాన మెత్తబడుతుందని అల్లుడు రాజ్ ఎలా అనుకున్నాడో మరి.

ఆమె భర్త తిరుపతయ్య రైలింజన్ డ్రైవర్‌గా చేసి దిగినవాడు. ఆ పొగా ఆ దుమ్మూ ఏళ్ల తరబడి మింగి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. పగలు కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్తుంటే ఈయనకు జబ్బేమిటి అనుకుంటారు ఎవరైనా. నిద్రపోతే మాత్రం ముక్కుకి గొట్టం తగిలించాలి, మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ తెల్లవార్లూ నడవాలి. మిషన్ నడవాలంటే కరెంటు కావాలి. అవసరానికని చిన్న సిలిండర్ ఒకటి ఇచ్చారు గానీ అది నాలుగు గంటలకు మించి రాదు.

ఆయనకు ఈ దేశంలో చూడాలని ఉన్నది ఒక్కటే. నయాగరా వద్దన్నాడు, న్యూయార్క్ వద్దన్నాడు. నెబ్రాస్కాలో నార్త్ ప్లాట్ అనే ఊరి పక్కన రైల్వే యార్డు ఉందట, అంత పెద్ద యార్డు ప్రపంచంలోనే లేదట. దాన్ని చూడాలి. నాలుగేళ్లుగా ఇదే పాట. ఈ జూన్‌లో డాక్టరు నెమ్మదిగా చెప్పింది. "వెళ్లాలనుకుంటే ఈ సమ్మర్‌లోనే వెళ్లండి. వచ్చే సమ్మర్‌కి ప్రయాణం చేయగలరని నేను మాట ఇవ్వలేను." విమానం కుదరదు. దారిలో నడుం వాల్చడానికి మంచం ఉండాలి. జనరేటర్ పొగ ఆయన దరిదాపుల్లోకి రాకూడదు. రాత్రి ఎక్కడ ఆగినా ఆ చోట కరెంటు పెట్టె ఉండాలి, బండి వైరు దానికి తగిలించాలి. అలా అయితే పొమ్మంది.

అందుకని ఇల్లూ బండీ ఒకటే అయిన ఆర్వీ ఒకటి అద్దెకు తీసుకున్నారు. సీతమ్మ కూతురు జయంతి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. "ఒక్క రాత్రి మిషన్ ఆగే పరిస్థితి వచ్చినా బండి వెనక్కి తిప్పేస్తానమ్మా. ఆ తర్వాత నెబ్రాస్కా పేరు ఎత్తొద్దు."

సీతమ్మ సరేనంది. ఆ రాత్రే భర్తకు మాటిచ్చింది కూడా. "మిమ్మల్ని ఆ యార్డు దగ్గర నిలబెట్టే పూచీ నాది."

మాటిచ్చాక ఇక ఊరుకునే మనిషా? లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు వదిలించుకుంటుంటే అందులోంచి ఆర్వీలు రాత్రికి ఆగే క్యాంప్‌గ్రౌండ్ల గైడ్ ఒకటి పట్టుకొచ్చింది. ఇటుకంత లావు, తొమ్మిదేళ్ల పాతది. ఏ ఎగ్జిట్ దగ్గర దిగాలి, బళ్లు పెట్టుకునే సైట్లు ఎన్నున్నాయి, కరెంటు ఉందా, ఫోన్ నంబరేమిటి, అన్నీ అందులో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఆ పుస్తకం రాసినవాళ్లు బళ్లేసుకుని ప్రతి చోటికీ స్వయంగా వెళ్లి చూసి రాశారని ముందుమాటలో ఉంది. ఆ ఒక్క ముక్క సీతమ్మకు తెగ నచ్చింది.

తొమ్మిదేళ్ల పాతదని ఆమెకూ తెలుసు. రైల్వేలో పుస్తకం పాతబడితే పారేయరు. మారిన సంగతి చీటీ మీద అచ్చేసి పంపిస్తారు, పాత వరస మీద ఆ చీటీ అతికించాలి. దాన్ని కరెక్షన్ స్లిప్పు అంటారు. సీతమ్మ రోజూ పొద్దున కాఫీ తాగి, ఫోన్ ముందేసుకుని, దారిలో ఉన్న ఒక్కో చోటికీ ఫోన్ చేసేది. కరెంటు లేదని పుస్తకంలో ఉన్నవాటినీ వదల్లేదు. కాజీపేట ఇంగ్లీషులో అడిగి, చెప్పింది రాసుకుని, చివర్లో "మే ఐ నో యువర్ గుడ్ నేమ్ ప్లీజ్" అని ఆ మనిషి పేరు కూడా రాసుకునేది. తేదీ వేసి, జిగురు పూసి, అతికించేది. మూడు వారాల్లో డెబ్బై నాలుగు చీటీలు అతికించింది.

రాజ్‌ది గుంటూరు. మంచివాడు, కాకపోతే ఫోన్లో లేనిది భూమ్మీద లేదని నమ్మే రకం. ఆ పుస్తకం చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"అత్తయ్యగారూ, ఇంత కష్టం ఎందుకండీ? యాప్‌లో టూ మినిట్స్‌లో బుక్ చేసేశాను. ఫస్ట్ నైట్ లోటస్ క్రీక్. డి మోయిన్ సిటీ దాటాక గంట. నేపర్‌విల్ రఘువీర్ లేడూ, మన రఘువీర్, స్ప్రింగ్‌లో కొన్నాడు కదా, అదే."

సీతమ్మ పుస్తకం తిప్పింది. లోటస్ క్రీక్ పాత పేరుతో ఉంది. దాని మీద చీటీ అతికించి ఉంది. "మూడుసార్లు చేసిన. జవాబు లేదు."

"ఫోన్ ఎత్తుతలేరు బాబూ," అంది. "కరెంటు ఉన్నదని ఎవరు చెప్పిన్రు?"

"ఎనభై ఆరు రివ్యూలండీ. అందరూ ఫైవ్ స్టారే. పవర్ హుకప్స్ ఎక్సలెంట్ అని రాశారు, చూడండి. ఎనభై ఆరు మంది అబద్ధం చెప్తారా?"

సీతమ్మకు మనసొప్పలేదు. కానీ అల్లుడితో అంతకన్నా లాగితే బాగుండదని నోరు మూసుకుంది. కౌంటర్లో డివిజనల్ మేనేజర్ ముందు కూడా మూసుకోని నోరది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరారు. ముందు సీట్లో తిరుపతయ్య పెళ్లికొడుకులా కూర్చున్నాడు. అయోవా రాష్ట్రం పొడుగునా మొక్కజొన్న చేలు తప్ప చూడ్డానికేం లేదు. అయినా పట్టాలు కనపడినప్పుడల్లా ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలు వెనక మంచం మీద నిద్రపోకుండా నడుం వాల్చాడు. దారి పొడుగునా గుంపులు గుంపులుగా సైకిళ్లు కనిపించాయి. ఏటా ఈ వారంలో వేలమంది రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కుకుంటూ పోతారట.

నాలుగింటికి లోటస్ క్రీక్ చేరారు. గేటు తీసే ఉంది. తామర పువ్వు వేసిన కొత్త బోర్డు మెరిసిపోతోంది. ఆఫీసు గది తలుపుకి తాళం. గడ్డి మోకాలి దాకా పెరిగింది. ఒక్క బండి లేదు, ఒక్క మనిషి లేడు.

రాజ్ బండిని తమ సైట్లో పెట్టి వైరు తీసుకుని వెళ్లాడు. కరెంటు పెట్టె మూత తెరిచాడు. లోపల ఏమీ లేదు. తీగల్లేవు, ప్లగ్గు పెట్టే చోటు లేదు, అడుగున సాలెగూడు ఒకటి ఉంది. పక్క పెట్టె తెరిచాడు. దాని పక్కది తెరిచాడు. పదకొండు పెట్టెలు తెరిచి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

ఫోన్ స్పీకర్లో పెట్టి రఘువీర్‌కి కొట్టాడు. సొంత నంబరు కాబట్టి వెంటనే ఎత్తాడు.

"బ్రో, మీరు నిజంగా వెళ్లారా?" అన్నాడు రఘువీర్. "ఎలక్ట్రీషియన్ డిలే చేశాడు బ్రో. ఇన్‌స్పెక్షన్ కూడా పెండింగ్. నెక్స్ట్ మంత్‌కి పక్కా. బుకింగ్ ఆటోమేటిక్‌గా తీసేసుకుంటది, నేను చూసుకోలేదు. సారీ."

"మరి ఆ రివ్యూలేంటి? పవర్ ఎక్సలెంట్ అని ఉన్నాయి కదా?"

"అవి మనోళ్లు సపోర్ట్ చేసినవి కదా బ్రో. ఏప్రిల్‌లో మా ఇంట్లో పాట్‌లక్ అయింది చూడు, అప్పుడు. నువ్వు కూడా పెట్టావ్."

రాజ్‌కి ఆ సంగతే గుర్తులేదు. ఫోన్ పెట్టేసి యాప్ తెరిచాడు. జయంతి అతని భుజం మీంచి తొంగి చూసింది. శ్యామ్‌సుందర్, శశికళ, శ్రేయాస్. ఒక్కరు పరాయివాళ్లు లేరు. నేపర్‌విల్, అరోరా, అన్నీ ఆదివారం పూట ఎదురుపడే మొహాలే. "పవర్ హుకప్స్ ఎక్సలెంట్, ఫ్యామిలీస్‌కి పర్ఫెక్ట్" అని రాసినవాడి పేరు రాజ్. దాని కింద ఐదు చుక్కలు, పేరు జయంతి.

"ఇంకా కిందికి జరపండి," అంది సీతమ్మ.

"వదిలెయ్యమ్మా."

"జరపమంటున్న."

కింద ఉంది. సీతమ్మ, ఐదు చుక్కలు. తలా ఒక వంటకం తెచ్చుకున్న ఆ పాట్‌లక్ రోజు మామిడి రసం గిన్నె ఆమె చేతిలో ఉంది. రఘువీర్ "ఆంటీ, మీది కూడా ఒకటి" అంటూ ఆమె ఫోనే తెరిచి ముందు పెట్టాడు. అందరూ నొక్కుతున్నారు, కాదంటే పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడని నొక్కేసింది. అంతే, మరిచిపోయింది. ఆ ఎనభై ఆరుగురిలో ఒకరు తనే అని తట్టకుండానే నెల రోజులు అల్లుడి యాప్‌ని తిట్టుకుంది. ఇప్పుడు ఆమెకు చెప్పలేనంత సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది, రఘువీర్ మీద కాదు, తన వేలి మీద.

జయంతి అప్పటికే మోటళ్లకి ఫోన్లు చేస్తోంది. సైకిళ్లవాళ్లు చుట్టుపక్కల ఒక్క గది మిగల్చలేదు. రాజ్ యాప్‌లో వెతికాడు. డెబ్బై మైళ్ల వరకు అన్నీ ఎర్ర గుర్తులే, ఖాళీ లేదు.

"ఇంక చాలమ్మా," అంది జయంతి. "డి మోయిన్ వెళ్లి ఏదైనా హాస్పిటల్‌లో అడుగుదాం. పొద్దున్నే ఇంటికి. నేను ముందే చెప్పాను."

తిరుపతయ్య కిటికీలోంచి చేలవైపు చూస్తున్నాడు. "పోనీ తియ్యి బిడ్డా. యార్డుదేమున్నది, ఇంట్ల టీవీల చూస్తే అయిపాయె," అన్నాడు.

ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు. జీవితంలో ఏదీ అడగని మనిషి ఒక్కటి అడిగాడు. దాన్ని కూడా ఇప్పుడు తనే వదులుకుంటున్నాడు, ఎవరికీ కష్టం కాకూడదని.

"ఎవరూ వెనక్కి పోరు," అంది. "నాలుగున్నర అయింది. ఎనిమిదిన్నర దాకా ఎండ ఉంటది. నాకు అరగంట ఇయ్యున్రి. అరగంటల నేను కనుక్కోకపోతే నువ్వు చెప్పినట్టే వెనక్కి తిప్పుదాం బండి, జయంతీ."

పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. ఈ చుట్టుపక్కల తొమ్మిది చీటీలున్నాయి. మొదటిదానికి ఫోన్ చేసింది, నిండిపోయింది. రెండోది నిండిపోయింది. మూడోచోట మనిషి ఎత్తి, పోయిన వారమే స్థలం అమ్మేశామన్నాడు. సీతమ్మ అతని పేరడిగి, చీటీ మీద గీత కొట్టి, తేదీ వేసింది.

"ఇప్పుడు అదెందుకండీ?" అన్నాడు రాజ్.

"రేపు ఇంకెవరన్న ఈ పుస్తకం తెరుస్తరు బాబూ," అని తర్వాతి నంబరు నొక్కింది.

నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఏ చోటా లేదు. నాలుగు యాభై అయింది. జయంతి బండి తాళాలు చేతిలోకి తీసుకుంది. ఎనిమిదో చీటీ ఒక చిన్న ఊరి పార్కుది. కరెంటు లేదని అచ్చులో ఉంది. దాని మీద సీతమ్మ చీటీలో ఇలా ఉంది. "రెండేండ్ల కింద ఆరు పెట్టెలు పెట్టిన్రు. బుకింగ్ లేదు, ముందొచ్చినోళ్లకే. డబ్బు కవర్ల పెట్టి డబ్బాల వెయ్యాలె. చెప్పింది: డార్లీన్, ఊరి ఆఫీసు క్లర్కు. ఐదింటికి మూస్తరు."

మూడుసార్లు మోగాక ఎత్తారు.

"డార్లీన్, దిస్ ఈజ్ సీతా ఫ్రమ్ అరోరా. ఐ హావ్ కాల్డ్ యూ ఆన్ జులై సెకండ్."

అవతల డార్లీన్ పెద్దగా నవ్వింది. పేరు అడిగి రాసుకున్న మనిషిని ఎవరు మరిచిపోతారు? పార్కు కిటికీలోంచి కనిపిస్తుందని, చూసి చెప్తానని ఫోన్ పక్కన పెట్టి లేచి వెళ్లింది. తిరిగొచ్చి చెప్పింది. సైకిళ్ల దారి ఇటు రాదు, నాలుగు పెట్టెలకి బళ్లున్నాయి, రెండు ఖాళీ. పట్టి ఉంచడానికి నాకు అధికారం లేదు, త్వరగా రండి.

"పెట్టెలల్ల కరెంటు వస్తున్నదా? మీరు చూసిన్రా?" అని ఇంగ్లీషులో మళ్లీ అడిగింది సీతమ్మ.

"ఒకదాంట్లో ఇప్పుడు ఎవరో ఫ్యాన్ పెట్టుకుని కూర్చున్నారు, నాకు కనిపిస్తోంది," అంది డార్లీన్.

యాభై ఎనిమిది మైళ్లు. రాజ్ యాప్‌లో ఆ ఊరి పేరు కొట్టి చూశాడు. "అత్తయ్యగారూ, ఈ పార్కు అసలు ఇందులో లేదండీ."

"లేకపోతే లేకపాయె. డార్లీన్ ఉన్నది. నడుపున్రి."

దారి కోసం మాత్రం రాజ్ ఫోనే పనికొచ్చింది, అది చెప్పకపోతే అన్యాయం. పుస్తకంలో రాసిన వంతెన ఎప్పుడో కూలిపోయిందట, ఫోన్ వేరే దారి చూపించింది. ఎదురుగా ఆర్వీ ఒకటి కనిపిస్తే చాలు, అది కూడా ఆ పార్కుకే పోతోందేమోనని జయంతి గుండె పట్టుకునేది. ఆరూ పదికి ఊళ్లోకి తిరిగారు. నీళ్ల ట్యాంకు, చర్చి, ఉయ్యాలలు, వాటి వెనక ఆరు పెట్టెలు. ఒక్కటి ఖాళీగా ఉంది.

రాజ్ బండి ఆపేలోపే సీతమ్మ దిగింది. మిషన్ తెప్పించి, వైరు తగిలించి, స్విచ్చి వేసి, పచ్చ దీపం వెలిగేదాకా ఎవర్నీ సామాను దించనివ్వలేదు. వెలిగాక కూడా పది నిమిషాలు గడియారం చూస్తూ నిలబడింది. తర్వాత గడ్డి మీద కూలబడి ఏడ్చింది. జయంతి పక్కన కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది, తనూ ఏడ్చింది.

అన్నాలయ్యాక ఇంకా ఎండ ఉండగానే అల్లుణ్ణి పిలిచింది.

"నా పేరు మీద ఐదు చుక్కలున్నయి కద, తీసెయ్యున్రి. నేను చెప్పింది ఇంగ్లీషుల రాయున్రి."

రాజ్ నసిగాడు. "అత్తయ్యగారూ, సండే మళ్లీ అందరం కలుస్తాం. రఘువీర్ ఫీల్ అవుతాడు. ఫోన్ చేసి చెప్దాం, పబ్లిక్‌లో ఎందుకు?"

"అబద్ధం పబ్లిక్‌లనే చెప్పినం కద బాబూ."

రాజ్ ఆమె ఫోన్ అందుకున్నాడు. ఆమె చెప్పింది, అతను రాశాడు. "ఇక్కడ కరెంటు లేదు. పెట్టెలున్నాయి, లోపల తీగలు లేవు. మిషన్ మీద నిద్రపోయేవాళ్లు రావద్దు. ఇంతకుముందు నేను పెట్టిన ఐదు చుక్కలు ఈ చోటు చూడకుండా పెట్టినవి. క్షమించండి." చదివి వినిపించి, పంపేశాడు. ఆ తర్వాత ఆమె అడక్కుండానే తనదీ తీసేశాడు. జయంతి కూడా తన ఫోన్ తీసింది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి నార్త్ ప్లాట్ చేరారు. యార్డు చూడటానికి పెద్ద టవర్ కట్టారక్కడ, లిఫ్టు ఉంది. పైకెక్కిన తిరుపతయ్య అద్దానికి రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు. కింద ఈ చూపు చివర నుంచి ఆ చూపు చివర దాకా పట్టాలు, పట్టాల మీద వేల వ్యాగన్లు. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. సీతమ్మకు ఆ క్షణాన ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. రఘువీర్. ఆమె మెట్ల దగ్గరికి నడిచి ఎత్తింది.

"ఆంటీ, ఏంటిది? మీరు నెగటివ్‌గా రాశారు, రాజ్, జయంతి తమవి తీసేశారు. పొద్దున్నుంచి నాలుగు క్యాన్సిలేషన్లు. నా సేవింగ్స్ అంతా అందులోనే ఉంది. మనోళ్లే ఇలా చేస్తే ఎట్లా ఆంటీ? మీరు కూడా ఫైవ్ స్టార్స్ ఇచ్చిన్రు కదా, అప్పుడు లేని తప్పు ఇప్పుడెట్ల వచ్చింది?"

"అప్పుడే ఉన్నది బాబూ తప్పు. నాకు నిన్న కనపడ్డది."

"ఒక్క నెల ఆగితే అన్నీ సెట్ అయితయి కదా. కాస్త తీసెయ్యండి, ప్లీజ్."

"నాలుగు బుకింగులు పోయినయంటివి. అండ్ల ఎవరి దగ్గర మిషన్ ఉన్నదో నీకు ఎరికేనా?"

"అదెట్లా తెలుస్తది ఆంటీ?"

"మీ నాన్నకు కూడ రాత్రి మూతికి మిషన్ పెడ్తరు కద, మొన్న పూజల ఆయననే చెప్పిండు," అంది సీతమ్మ. గొంతు పెంచలేదు. "ఇయ్యాల రాత్రి ఆయనను తీస్కపోయి నీ లోటస్ క్రీక్‌ల పండవెడ్తవా?"

ఫోన్ కట్టయిందేమోనని ఒకసారి చూసుకుంది. కాలేదు.

"లేదాంటీ," అన్నాడు రఘువీర్ చివరికి.

"మరి ఆ మాటనే నువ్వు అక్కడ రాయి. తీగలు పెట్టించినంక చెప్పు, నేను వచ్చి స్విచ్చి వేసి చూసి, బాగుంటే బాగున్నదని నా పేరు మీదనే రాస్త."

ఫోన్ పెట్టేసి భర్త పక్కకు వచ్చి నిలబడింది. కింద పొడుగాటి గూడ్సు ఒకటి కదులుతోంది. ఏదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మాట్లాడకు సీతా, నూట పద్దెనిమిది దాకా లెక్కపెట్టిన. ఇంకా తోక రాలే."

ఆమె నోరు మూసుకుని నూట పంతొమ్మిది నుంచి ఆయనతో పాటు లెక్కపెట్టింది.